పెద్ద టైర్లు వేయిస్తున్నారా? బాడీకి ఒరుసుకోకుండా ఉండాలంటే ముందు ఈ లెక్క చూసుకోండి

థార్, జిమ్నీ, గూర్ఖా, బొలెరో.. బండి ఏదైనా చాలామంది మొదట మార్చేది టైర్లే. లుక్ మారిపోతుంది, బండి కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. ఎలాంటి దారిలోనైనా వెళ్లిపోతుందన్న ధైర్యం కూడా వస్తుంది. అసలు కథ షాపు నుంచి బయటికి వచ్చి మొదటి యూ-టర్న్ కొట్టినప్పుడు మొదలవుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే ముందు చక్రం దగ్గర గర్‌ర్‌మని సౌండ్. టైరు బాడీకి ఒరుసుకుంటోందన్నమాట.

నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నె వైపు వెళ్లే దారినే చూడండి. ఫిషింగ్ హార్బర్‌తో రాష్ట్రమంతా పేరు వినిపిస్తున్న ఊరు ఇది. నేషనల్ హైవే 16 దిగి తూర్పుకి తిరిగి సముద్రం దాకా వెళ్తే ఒకే ట్రిప్పులో బండికి మూడు పరీక్షలు. హైవే మీద స్పీడు. రొయ్యల గుంటల గట్ల మీద వానపడితే బంకమట్టి. ఒడ్డుకు చేరాక చక్రం దిగబడే మెత్తటి ఇసుక. ఈ మూడింటికీ పెద్ద టైరే పరిష్కారం అనిపిస్తుంది. అయితే టైరు ఎంత పెద్దది అన్నదానికంటే, అది తిరగడానికి, పైకి లేవడానికి చోటు ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఆ చోటుని ఎలా కొలవాలో, తగిలితే ఏం చేయాలో, చట్టం ఏం చెబుతోందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యమైన పాయింట్లు

- టైరు సైజులో చూడాల్సినవి మూడు. మొత్తం ఎత్తు, వెడల్పు, డిస్క్ ఆఫ్‌సెట్.
- టైరు ఎత్తు 30 ఎంఎం పెరిగితే బండి లేచేది 15 ఎంఎం మాత్రమే.
- లిఫ్ట్ కిట్ వేసినంత మాత్రాన ఒరుసుకోవడం ఆగదు.
- ఇసుకలో దిగబడకుండా కాపాడేది ముందుగా టైరులో తగ్గించిన గాలి. సైజు ఆ తర్వాతే.
- కంపెనీ చెప్పిన సైజు దాటితే చట్టం, ఇన్సూరెన్స్ రెండూ చూసుకోవాలి.

ఒరుసుకుంటే నష్టం ఏంటి?

సౌండే కదా, కొన్ని రోజులకి అదే సర్దుకుంటుందిలే అని వదిలేసేవాళ్లు ఉంటారు. మడ్‌గార్డ్ లోపల ఉండే ప్లాస్టిక్ లైనర్‌కి, అదీ స్టీరింగ్ ఫుల్‌గా తిప్పినప్పుడు కాస్త తగిలితే పెద్ద ప్రమాదం లేదు. లైనర్ అరుగుతుంది, అంతే. కానీ ఇనుప అంచుకి తగిలితే కథ వేరు. టైరులో అన్నింటికంటే పల్చగా ఉండే భాగం పక్కగోడ, అంటే సైడ్‌వాల్. అక్కడ కోత పడితే పంక్చర్ వేసి సరిచేసే వీలుండదు, టైరు మార్చాల్సిందే. ఆ కోత కనబడకుండా లోపలే పెరుగుతూ ఉంటుంది. హైవే మీద 90, 100 స్పీడులో వెళ్తున్నప్పుడు, అదీ ఎండకి రోడ్డు కాగిపోతున్న మధ్యాహ్నం పూట, ఆ టైరు పేలితే బండి అదుపులో ఉండటం కష్టం.

ఇంకో రిస్క్ చక్రం లోపలి వైపు ఉంటుంది. బ్రేక్ హోస్ పైపు, ఏబీఎస్ సెన్సర్ వైరు రెండూ చక్రానికి చాలా దగ్గరగా వెళ్తాయి. వెడల్పాటి టైరు లోపలికి వచ్చి రోజూ కొద్దికొద్దిగా రాసుకుంటుంటే ఏదో ఒక రోజు బ్రేక్ ఆయిల్ కారడం మొదలవుతుంది. అందుకే ఎక్కడ తగులుతోంది, ఎప్పుడు తగులుతోంది అన్నది మొదట తేల్చుకోవాలి.

టైరు మీద నంబర్ చెప్పేదేంటి?

థార్‌లో 16 అంగుళాల చక్రాలున్న వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే సైజు 245/75 ఆర్16. ఇందులో 245 అంటే టైరు వెడల్పు 245 ఎంఎం. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. ఆర్ అంటే రేడియల్. 16 అంటే డిస్క్ వ్యాసం, అంగుళాల్లో.

మొత్తం ఎత్తు లెక్క ఇలా వేయాలి. 245లో 75 శాతం అంటే 183.75 ఎంఎం. పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి రెండు పక్కగోడలు కలిపి 367.5. డిస్క్ 16 అంగుళాలు, అంటే 406.4 ఎంఎం. రెండూ కలిపితే దాదాపు 774 ఎంఎం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే అర నిమిషం పని.

మన దగ్గర ఎక్కువగా కనిపించే బండ్లకి ఇదే లెక్క వేస్తే..

- థార్ 245/75 ఆర్16: 774 ఎంఎం. దాన్ని 265/75 ఆర్16 చేస్తే 804. పెరిగింది 30 ఎంఎం, దాదాపు 3.9 శాతం.
- థార్ 255/65 ఆర్18: 789 ఎంఎం. దాని బదులు 17 అంగుళాల డిస్క్ మీద 265/70 ఆర్17 వేస్తే 803. పెరిగింది 14 ఎంఎం. అదే 285/70 ఆర్17 అయితే 831. పెరిగింది 42 ఎంఎం.
- జిమ్నీ 195/80 ఆర్15: 693 ఎంఎం. 215/75 ఆర్15 వేస్తే 703.5. పెరిగింది పదిన్నర ఎంఎం. 235/75 ఆర్15 వేస్తే 733.5. పెరిగింది 40 ఎంఎం పైనే.
- బొలెరో 215/75 ఆర్15: 703.5 ఎంఎం. 235/75 ఆర్15 వేస్తే 733.5. పెరిగింది 30 ఎంఎం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. షాపుల్లో "ఒక్క సైజే పెంచుతున్నాం అన్నా" అంటారు. జిమ్నీకి ఒక మెట్టు అంటే పదిన్నర ఎంఎం, ఇంకో మెట్టు ఎక్కితే ఏకంగా 40. మాట ఒకలాగే ఉన్నా లెక్కలో నాలుగు రెట్ల తేడా. అందుకే సైజు పేరు వినగానే సరే అనకుండా ఎన్ని ఎంఎం పెరుగుతుందో చూడాలి.

ఇవి కాగితం మీద లెక్కలు. ఒకే సైజు రాసి ఉన్నా రెండు కంపెనీల టైర్ల అసలు కొలత కొన్ని ఎంఎం అటూఇటూ ఉంటుంది. మడ్ టెర్రైన్ టైర్లకి భుజాల దగ్గర గట్టి దిమ్మెలు బయటికి పొడుచుకు వస్తాయి. అదే సైజులో హైవే టైరు తగలని చోట ఇవి తగలొచ్చు.

పెరిగిన ఎత్తులో సగమే మనది

టైరు 30 ఎంఎం పెద్దదైతే బండి 30 ఎంఎం లేస్తుందని అనుకుంటాం. అలా జరగదు. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో. కాబట్టి ఇరుసు కింద పెరిగేది సగం, అంటే 15 ఎంఎం. మిగతా 15 ఎంఎం ఇరుసు పైకి, అంటే మడ్‌గార్డ్ వైపు వెళ్తుంది. ముందుకి 15, వెనక్కి 15 కూడా పెరుగుతుంది. అంటే గ్రౌండ్ క్లియరెన్స్‌లో మనకి వచ్చిన ప్రతి ఎంఎంకీ మడ్‌గార్డ్ దగ్గర ఒక ఎంఎం చోటు పోతుంది. ఒరుసుకోవడానికి మొదటి కారణం ఇదే.

వెడల్పు, ఆఫ్‌సెట్.. అసలు చిక్కు ఇక్కడే

టైరు 245 నుంచి 265కి వెళ్తే వెడల్పు 20 ఎంఎం పెరుగుతుంది. లోపలికి 10, బయటికి 10. ఇక్కడిదాకా సింపుల్. ఇప్పుడు డిస్క్ కూడా మారుస్తున్నారనుకోండి, అప్పుడు ఆఫ్‌సెట్ సీన్‌లోకి వస్తుంది. చక్రాన్ని హబ్‌కి బిగించే ముఖం డిస్క్ నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే నంబర్ అది. సాధారణంగా డిస్క్ వెనక వైపు ముద్రించి ఉంటుంది. ఈ నంబర్ తగ్గేకొద్దీ చక్రం బండి నుంచి బయటికి జరుగుతుంది.

ఉదాహరణకి 7 అంగుళాల వెడల్పు, 40 ఆఫ్‌సెట్ ఉన్న డిస్క్ తీసి, 8 అంగుళాల వెడల్పు, 20 ఆఫ్‌సెట్ ఉన్నది వేశారనుకుందాం. వెడల్పు ఒక అంగుళం పెరిగింది కాబట్టి రెండు వైపులా 12.7 ఎంఎం చొప్పున పెరగాలి. ఆఫ్‌సెట్ 20 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 20 ఎంఎం బయటికి జరిగింది. లెక్క తేలిస్తే బయటి అంచు 32.7 ఎంఎం బయటికి వచ్చింది. లోపలి అంచు సస్పెన్షన్ నుంచి 7.3 ఎంఎం దూరం జరిగింది.

అంటే లోపల తగిలే సమస్య తీరింది. మరి బయట? స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఉన్నచోటే తిరగదు, ఒక వంపులో ముందుకి, వెనక్కి ఊగుతుంది. చక్రం ఎంత బయటికి జరిగితే ఆ వంపు అంత పెద్దదవుతుంది. ఇంతకుముందు తగలని బంపర్ మూల ఇప్పుడు తగులుతుంది. చక్రం వెనక, డోర్ కింది భాగం మొదలయ్యే చోట ఉండే ఇనుప అంచు కూడా తగులుతుంది. స్టాక్ డిస్క్ మీద హాయిగా తిరిగిన టైరే కొత్త అల్లాయ్ వేయగానే ఒరుసుకోవడానికి కారణం ఇది. తప్పు టైరుది కాదు, ఆఫ్‌సెట్‌ది.

స్పేసర్లు వేసినా ఇదే జరుగుతుంది. పైగా చక్రం బయటికి జరిగేకొద్దీ వీల్ బేరింగ్ మీద, స్టీరింగ్ జాయింట్ల మీద లోడ్ పెరుగుతుంది. నాసిరకం స్పేసర్, సరిగ్గా బిగించని నట్లు అయితే చక్రమే ఊడే ప్రమాదం ఉంది.

ఎక్కడెక్కడ తగులుతుంది?

- ముందు చక్రం, వెనక వైపు: స్టీరింగ్ తిప్పినప్పుడు లైనర్‌కి, దాని వెనకున్న ఇనుప అంచుకి.
- ముందు చక్రం, ముందు వైపు: బంపర్ కింది మూలకి. రివర్స్‌లో స్టీరింగ్ తిప్పినప్పుడు ఎక్కువ.
- ముందు చక్రం, లోపలి వైపు: సస్పెన్షన్ ఆర్మ్, స్టెబిలైజర్ రాడ్, ఛాసిస్, బ్రేక్ హోస్.
- వెనక చక్రం, పైన: గుంతలో పడినప్పుడు, మనుషులు, లగేజీ ఎక్కినప్పుడు మడ్‌గార్డ్ అంచుకి.
- వెనక చక్రం, లోపలి వైపు: షాక్ అబ్జార్బర్‌కి లేదా కమాన్ కట్టకి.

థార్‌లో ముందు రెండు చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది. జిమ్నీలో ముందూ వెనకా నిలువునా ఒకే ఇరుసు. అలాంటి ఇరుసు బండిలో ఒక చక్రం గుంతలో దిగితే రెండోది పైకి లేచి, కాస్త వాలి మడ్‌గార్డ్‌లోకి వెళ్తుంది. సమానమైన నేల మీద నిలబెట్టి "బోలెడు గ్యాప్ ఉంది" అనుకుంటే ఈ విషయం తెలియదు.

లిఫ్ట్ కిట్ వేస్తే సరిపోతుందా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సస్పెన్షన్ లిఫ్ట్ అంటే పొడవాటి స్ప్రింగులు లేదా స్ప్రింగ్ మీద స్పేసర్ పెట్టి బాడీని ఇరుసు నుంచి పైకి లేపడం. బండి నిలబడి ఉన్నప్పుడు టైరుకి, మడ్‌గార్డ్‌కి మధ్య గ్యాప్ పెరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ పెద్ద గుంతలో పడ్డప్పుడు స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోతుంది. అప్పుడు చక్రం ఎంత పైకి వెళ్లాలో నిర్ణయించేది బంప్ రబ్బర్. లిఫ్ట్ వేసినా బంప్ రబ్బర్ పాతదే ఉంటే, చక్రం పాత ఎత్తు దాకా వెళ్తుంది. టైరు మాత్రం పెద్దది. కాబట్టి తగలాల్సిన చోట తగులుతుంది. లిఫ్ట్‌తో పాటు బంప్ రబ్బర్ ఎత్తు కూడా పెంచితేనే ఉపయోగం.

బాడీ లిఫ్ట్ వేరు. ఛాసిస్‌కి, బాడీకి మధ్య దిమ్మెలు పెట్టి బాడీని లేపుతారు. దీనివల్ల మడ్‌గార్డ్ దగ్గర నిజంగానే చోటు పెరుగుతుంది. కానీ టైరు ఛాసిస్‌కి, సస్పెన్షన్ ఆర్మ్‌కి తగులుతుంటే బాడీ లిఫ్ట్ ఏం చేయలేదు. స్టీరింగ్ షాఫ్ట్, వైర్లు, పైపులు సాగుతాయి కాబట్టి అనుభవం లేనివాళ్లతో చేయించకూడదు.

ఏ లిఫ్ట్ అయినా బండి బరువు కేంద్రం పైకి వెళ్తుంది. మలుపుల్లో ఒరిగే గుణం పెరుగుతుంది. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం మారుతుంది, అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి.

డబ్బులు కట్టే ముందే ఇలా చెక్ చేయండి

నాలుగు టైర్లూ ఎక్కించేశాక తగులుతోందని తెలిస్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోకపోవచ్చు. ముందు ఒక్క చక్రానికే ఎక్కించి చూడమని అడగండి.

మొదటి స్టెప్: పాత టైరు ఉండగానే కొలవండి. స్టీరింగ్ నిటారుగా, పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి. ఈ మూడు పొజిషన్లలో టైరు నుంచి బంపర్, లైనర్, సస్పెన్షన్ ఆర్మ్, బ్రేక్ పైపు దాకా ఎంత గ్యాప్ ఉందో రాసుకోండి.

రెండో స్టెప్: కొత్త సైజు వల్ల ఆ గ్యాప్‌లో ఎంత పోతుందో పైన చెప్పిన లెక్కతో తీసేయండి. మిగిలింది 10 ఎంఎం లోపే ఉంటే జాగ్రత్త. టైరు కంపెనీని బట్టి మారే కొలత, స్పీడులో టైరు కాస్త సాగడం, అంటుకునే మట్టి అన్నీ ఆ 10 ఎంఎంలోనే సర్దుకోవాలి.

మూడో స్టెప్: కొత్త టైరు ఒకటి ముందు చక్రానికి ఎక్కించి, దాని భుజాల మీద సుద్దముక్కతో గట్టిగా రుద్దండి. స్టీరింగ్ రెండు వైపులా ఫుల్‌గా తిప్పుతూ మెల్లగా ముందుకి, వెనక్కి కదపండి. సుద్ద ఎక్కడ అంటుకుంటే అక్కడ తగులుతున్నట్టు.

నాలుగో స్టెప్: ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదకి లేదా గట్టి మిట్ట మీదకి ఎక్కించండి. ఆ చక్రం మడ్‌గార్డ్‌లోకి నొక్కుకుంటుంది. ఆ పొజిషన్‌లోనే స్టీరింగ్ తిప్పి చూడండి. తర్వాత వెనక చక్రానికీ ఇదే చేయండి. బండి కింద మనిషి దూరకూడదు, హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకి అడ్డు పెట్టాలి.

ఐదో స్టెప్: ఫుల్ లోడ్‌తో టెస్ట్ చేయండి. ఐదుగురు ఎక్కి, లగేజీ పెట్టి స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటండి. ఖాళీ బండిలో రాని సౌండ్ అప్పుడు వస్తే వెనక మడ్‌గార్డ్ అంచు తగులుతున్నట్టే.

తగిలితే ఏం చేయాలి?

ఖర్చు తక్కువ, నష్టం తక్కువ ఉన్న పని నుంచి మొదలుపెట్టాలి.

లైనర్‌కి మాత్రమే తగులుతుంటే: చాలాసార్లు క్లిప్పులు తీసి లైనర్‌ని వెనక్కి నొక్కి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. కొన్ని బండ్లలో హీట్ గన్‌తో వేడిచేసి వంచుతారు. లైనర్ పూర్తిగా పీకి పారేయొద్దు. వెనకున్న వైరింగ్‌కి నీళ్లు, రాళ్లు కొడతాయి.

మడ్ ఫ్లాప్‌కి తగులుతుంటే: ఫ్లాప్ వెనక్కి జరపడం లేదా కత్తిరించడం. పది నిమిషాల పని.

సస్పెన్షన్ ఆర్మ్‌కి ఫుల్ లాక్‌లో మాత్రమే తగులుతుంటే: చాలా బండ్లలో స్టీరింగ్ ఎంత తిరగాలో ఆపే స్టాపర్ బోల్ట్ ఉంటుంది. దాన్ని కొద్దిగా సర్దితే చక్రం తగిలే ముందే ఆగుతుంది. బదులుగా యూ-టర్న్‌కి కాస్త ఎక్కువ చోటు కావాలి. ఇరుకు గట్ల మీద బండి తిప్పాల్సి వస్తే ఈ లోటు తెలుస్తుంది.

గుంతల్లో పైన తగులుతుంటే: బంప్ రబ్బర్ పెంచడం. సస్పెన్షన్ ప్రయాణం కాస్త తగ్గుతుంది కాబట్టి రైడ్ గట్టిపడుతుంది.

ఇనుప అంచుకి తగులుతుంటే: ఆ అంచుని సుత్తితో మడిచి, ప్రైమర్, పెయింట్, సీలెంట్ వేస్తారు. సముద్రతీరంలో ఉండేవాళ్లు దీన్ని ఆఖరి ఆప్షన్‌గా పెట్టుకోండి. పెయింట్ లేచిన ఇనుము మీద ఉప్పుగాలి పడితే తుప్పు తొందరగా పట్టేస్తుంది, బయటికి కనిపించే లోపు లోపల తినేస్తుంది.

బ్రేక్ పైపుకి, ఏబీఎస్ వైరుకి తగులుతుంటే: కత్తిరించడాలు, వంచడాలు వద్దు. ఆ సైజు లేదా ఆ ఆఫ్‌సెట్ ఆ బండికి సరిపోదని అర్థం. తీసేయడమే.

ఇసుకకి అసలు మందు గాలి తగ్గించడమే

తీరం వైపు వెళ్లేవాళ్లు పెద్ద టైర్ల కోసం ఖర్చుపెట్టే ముందు ఇది తెలుసుకోవాలి. ఇసుకలో బండి దిగబడేది బరువంతా చిన్న చోట పడటం వల్ల. టైరులో గాలి తగ్గిస్తే అడుగుభాగం పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటికి పంచబడుతుంది, చక్రం ఇసుకని తవ్వకుండా పైన నడుస్తుంది. కంపెనీ సైజు టైరులోనే గాలి తగ్గిస్తే, ఫుల్ గాలి ఉన్న పెద్ద టైరు కంటే మెత్తటి ఇసుకలో బాగా పనిచేస్తుంది.

రోడ్డు మీద 30 పీఎస్ఐ పైన ఉండే ట్యూబ్‌లెస్ టైరుని ఇసుకలో ఆఫ్‌రోడర్లు సాధారణంగా 15 నుంచి 18 పీఎస్ఐకి తగ్గిస్తారు. అలా తగ్గించాక స్పీడు 30 కిలోమీటర్లు దాటొద్దు. సడన్‌గా స్టీరింగ్ కొట్టొద్దు, కొడితే టైరు డిస్క్ నుంచి ఊడొచ్చు. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాల్సిందే. తక్కువ గాలితో హైవే ఎక్కితే పక్కగోడ వేడెక్కి టైరు పాడవుతుంది. తీరంలో గాలి కొట్టే షాపు పక్కనే ఉండదు కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెసర్, ప్రెజర్ గేజ్ బండిలో ఉండాలి. పెద్ద టైర్ల సెట్‌తో పోలిస్తే ఈ రెండింటి ఖర్చు చాలా తక్కువ.

దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు. తొక్కేకొద్దీ చక్రం తన గుంత తానే తవ్వుకుంటుంది. చక్రాల ముందున్న ఇసుక చేత్తోనో పారతోనో తీసి, ఇంకొంచెం గాలి తగ్గించి, వచ్చిన దారినే మెల్లగా రివర్స్ రావాలి.

బంకమట్టి ఉంటే గ్యాప్ ఇంకా కావాలి

రొయ్యల గుంటల గట్ల మీద సీన్ వేరు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు నెల్లూరు తీరాన్ని తడుపుతాయి. బంకమట్టి టైరుకి అతుక్కుని, తిరిగేకొద్దీ మందం పెరిగి, మడ్‌గార్డ్‌లో ఇరుక్కుంటుంది. వేసవిలో పొడి రోడ్డు మీద ఒరుసుకోని టైరు ఆ బురదలో లైనర్‌ని పీకేయగలదు. ఈ దారుల్లో తిరిగేవాళ్లు సైజు ఎంచుకునేటప్పుడు ఆ మట్టికి కూడా చోటు వదలాలి. తీరానికి వెళ్లొచ్చాక బండి కింద, చక్రాల లోపల మంచినీళ్లతో కడగడం మర్చిపోవద్దు.

చేపలు, ఐసు తీసుకెళ్లే బండ్లకి

హార్బర్ దారిలో తిరిగే బొలెరో పికప్‌ల లాంటి బండ్లకి రూల్ ఇంకా కఠినంగా ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎంత గ్యాప్ ఉన్నా, ఐసు, చేపల పెట్టెలు నిండాక కమాన్ కట్టలు నొక్కుకుని బాడీ కిందికి దిగుతుంది. వెడల్పాటి టైరు వేస్తే లోపల కమాన్ కట్టకి తగలొచ్చు. ఈ బండ్లకి సైజు కంటే టైరు మీదుండే లోడ్ ఇండెక్స్ ముఖ్యం. ఉదాహరణకి లోడ్ ఇండెక్స్ 100 అంటే ఆ టైరు ఒక్కటి మోయగలిగేది 800 కిలోలు. కొత్త టైరు ఇండెక్స్ కంపెనీ చెప్పినదాని కంటే తగ్గకూడదు. లోడ్ మీద ఉన్నప్పుడు ఇసుక కోసం గాలి తగ్గించడం కూడా ఈ బండ్లకి మంచిది కాదు.

మీటర్, బ్రేకులు, స్టెప్నీ

పెద్ద టైరు ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తుంది. మీటర్‌కి ఆ సంగతి తెలియదు. 3.9 శాతం పెరిగిన థార్‌లో పాత సైజుతో పోలిస్తే, మీటర్ 100 చూపించే చోట బండి దాదాపు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ స్పీడులో ఉంటుంది. 235 టైర్లు వేసిన జిమ్నీలో తేడా 5.8 శాతం. హైవే స్పీడ్ కెమెరా మీ మీటర్‌ని చూడదు, అసలు స్పీడునే చూస్తుంది.

టైరు బరువు పెరిగితే పికప్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, బ్రేక్ వేశాక ఆగే దూరం పెరగొచ్చు. స్టెప్నీ విషయం చాలామంది మర్చిపోతారు. ఫోర్ బై ఫోర్‌లో మూడు పెద్ద టైర్లు, ఒకటి చిన్నది పెట్టి ఫోర్ వీల్ డ్రైవ్ వేసి నడిపితే గేర్ పళ్ల మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి ఐదో టైరు కూడా అదే సైజు ఉండాలి. అది వెనక డోర్ మీద పడుతుందా, డోర్ కీళ్లు ఆ బరువు మోస్తాయా అన్నది చూసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ చేరింది. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. సరుకు బండ్లకైతే టైర్ల సైజు రిజిస్ట్రేషన్ వివరాల్లోనే ఉంటుంది.

కాబట్టి సేఫ్ రూట్ ఒకటే. అదే మోడల్‌లో పై వేరియంట్‌కి కంపెనీ ఇస్తున్న సైజు, లేదా డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్, మాన్యువల్‌లో ఉన్న సైజుల్లోంచి ఎంచుకోవడం. అంతకు మించి వెళ్లాలనుకుంటే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా మార్చిన బండికి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. వారంటీ మీద కూడా ప్రభావం ఉంటుంది.

ఒడ్డు మన ఒక్కరిదే కాదు

ఆంధ్ర తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సాధారణంగా జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఇది నడుస్తుంది. వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జీవులివి. ఇసుక కింద ఉన్న గూడు పైకి కనిపించదు, చక్రం వెళ్తే గుడ్లు నలిగిపోతాయి. ఒడ్డు మీద ఆరేసిన వలలు, లాగి పెట్టిన బోట్లు మత్స్యకారుల జీవనాధారం. బండి దింపే ముందు ఊరివాళ్లని అడగండి. వద్దంటే రోడ్డు చివరే ఆపేసి నడిచి వెళ్లండి.

తరచూ వచ్చే ప్రశ్నలు

ఏ మార్పూ లేకుండా ఎంత పెంచొచ్చు?
అన్ని బండ్లకీ ఒకే నంబర్ లేదు. కంపెనీ డిస్క్ మీదే ఉంచి, మొత్తం ఎత్తు 2 శాతం లోపు పెంచితే రిస్క్ తక్కువ. జిమ్నీకి 215/75 ఆర్15 ఈ కోవలోకి వస్తుంది. అయినా సుద్దముక్క టెస్ట్ తప్పదు.

కొత్తగా వేసిన టైరు కాస్త అరిగాక ఒరుసుకోవడం ఆగుతుందా?
కొద్దిగా తగ్గొచ్చు. కానీ అది ఇనుముకి తగులుతుంటే, అరిగేలోపు పక్కగోడ తెగుతుంది. ఎదురుచూడొద్దు. కారు టైరు గాడి లోతు 1.6 ఎంఎంకి తగ్గాక వాడకూడదన్న రూల్ కూడా గుర్తుంచుకోండి.

నేరుగా వెళ్తున్నప్పుడే సౌండ్ వస్తోంది, ఏం చేయాలి?
వెంటనే ఆపండి. స్టీరింగ్ తిప్పకుండానే తగులుతోందంటే సైజు తప్పు, లేదా నట్లు, బేరింగ్, సస్పెన్షన్‌లో ఏదో వదులైంది. మెకానిక్ చూసేదాకా స్పీడుగా నడపొద్దు.

బడ్జెట్ తక్కువ, తీరానికి ఎప్పుడో ఒకసారి వెళ్తాను. ఏది కొనాలి?
ముందు కంప్రెసర్, గేజ్, ఒక పార, టో తాడు కొనండి. పాత టైర్లు అరిగాక అదే సైజులో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు వేయించండి. ఒరుసుకునే గొడవే ఉండదు, ఆర్సీ, ఇన్సూరెన్స్ చిక్కులూ ఉండవు.